ఎలుకకి నెలసరే రాదు, మరి దాని ఎండోమెట్రియోసిస్ నొప్పి ఎలా తెలుస్తుంది?

సోంపేట సుడిగాలి, సోంపేట

అందరికీ నమస్కారం. ఈ వేదికలో ఇన్నాళ్లూ చదవడమే తప్ప రాసింది లేదు. నాకు ఎండోమెట్రియోసిస్, అంటే గర్భాశయం లోపలి పొర లాంటిది గర్భాశయం బయట పెరిగే జబ్బు. ఎడమ అండాశయం మీద చాక్లెట్ సిస్టు (పాత రక్తం నిండిన తిత్తి) ఉంటే లాపరోస్కోపీ చేసి తీసేశారు. కొన్నాళ్లు హాయిగా ఉన్నాను. ఇప్పుడు మళ్లీ మొదలైంది. నెలసరి రోజుల్లోనే కాదు, మధ్యలో కూడా. మోషన్‌కి వెళ్లినప్పుడైతే ప్రాణం పోతున్నట్టుంటుంది. స్కానింగ్ చేయిస్తే "అంతా క్లీన్‌గా ఉందమ్మా, ఏమీ లేదు" అని పంపేశారు.

మొన్న మా ఆడపడుచు ఫోన్‌కి ఒక వార్త పంపింది. మైగ్రేన్‌కి వాడే మందులు ఎలుకల్లో ఎండోమెట్రియోసిస్ నొప్పిని తగ్గించాయట. మా అత్తకి చదివి వినిపిస్తే "ఎలకలకి కూడా ముట్టవుతాదేటే?" అని ఒకటే నవ్వు. నవ్వులాటకి అన్నా అడిగింది సరైన మాటే కదా. నెలసరి రాని జంతువుకి ఈ జబ్బెలా వచ్చింది? వచ్చిందే అనుకుందాం, దానికి నొప్పిగా ఉందని వీళ్లకెలా తెలిసింది? నోరున్న నేను చెప్తేనే ఇక్కడ నమ్మట్లేదు. ఆ మైగ్రేన్ మందు గురించి మా డాక్టర్‌ని అడగొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం

ఎలుకల మీద క్యాన్సర్ ఎన్నిసార్లు నయం చేశారో లెక్కే లేదు. మనిషి దగ్గరికొచ్చేసరికి అంతా తుస్సు. పేపర్లకి వార్త, వాళ్లకి ప్రమోషన్. మీరు మీ డాక్టర్ చెప్పిన మందు వాడుకోండి అమ్మా.

ఫార్మా మేష్టారు, విజయనగరం

నాగావళి గారూ, అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. అలాగని నెత్తిన పెట్టుకోమనీ అనను. నేను ఫార్మసీ కాలేజీలో ఫార్మకాలజీ చెప్తాను, ఎలుకల గొడవ కొంత తెలుసు.

సుడిగాలి గారూ, మీ అత్తగారు అడిగిందే పరిశోధకులనీ తొలిచేస్తున్న ప్రశ్న. పెద్ద ఎలుకకీ చిట్టెలుకకీ నెలసరి లేదు. వాటికి నాలుగైదు రోజులకోసారి ఈస్ట్రస్ చక్రం, అంటే ఎదకొచ్చే చక్రం, తిరుగుతుంది. గర్భం నిలవకపోతే లోపలి పొర రక్తంగా బయటికి పోదు, లోపలే ఇంకిపోతుంది. నెలసరి వచ్చే జీవులు చాలా కొద్ది: మనుషులు, కొన్ని కోతి జాతులు, కొన్ని గబ్బిలాలు, ఏనుగు ష్రూ అనే చిన్న ఆఫ్రికా జంతువు. 2017లో ఆస్ట్రేలియా మోనాష్ యూనివర్సిటీ వాళ్లు ముళ్ల ఎలుక అనే రకానికి కూడా నెలసరి వస్తుందని చూపించారు. దాని చక్రం సుమారు తొమ్మిది రోజులు. కానీ ల్యాబుల్లో పెరిగేది అది కాదు, మామూలు తెల్ల ఎలుకలే.

ఈ జబ్బు ఎలా పుడుతుందన్న దాని మీద ఎక్కువమంది ఒప్పుకునే మాట 1927లో శాంప్సన్ అనే అమెరికా డాక్టర్ చెప్పింది. నెలసరి రక్తంలో కొంత ఫాలోపియన్ నాళాల గుండా వెనక్కి, పొత్తికడుపులోకి పోతుంది. అందులోని గర్భాశయపు పొర కణాలు అక్కడే అంటుకుని పెరుగుతాయి. చాలామంది ఆడవాళ్లలో రక్తం ఇలా వెనక్కి పోతూనే ఉంటుంది, జబ్బు మాత్రం కొందరికే. ఎందుకో ఇంకా పూర్తిగా తేలలేదు. ఎలుకలో నెలసరే లేనప్పుడు వెనక్కి పోయేదేముంది? అందుకని జబ్బుని మనిషే పెట్టాలి.

పెట్టే పద్ధతులు రకరకాలు. 1985లో వచ్చిన పద్ధతిలో పెద్ద ఎలుకకి ఆపరేషన్ చేసి, దాని గర్భాశయపు కొమ్ములోంచి చిన్న ముక్కలు కోసి, పేగులకి రక్తం తీసుకెళ్లే నాళాల పక్కన కుట్టేస్తారు. ఆ ముక్కలు నీటితిత్తుల్లా ఉబ్బుతాయి. పోల్చడానికి ఇంకో గుంపు ఎలుకలకి గర్భాశయం బదులు కొవ్వు ముక్కలు కుడతారు. అప్పుడు తేడా వస్తే అది ఆపరేషన్ కోత వల్ల కాదని తెలుస్తుంది. చిట్టెలుకల్లో అయితే కుట్టు కూడా అక్కర్లేదు. ఒక ఎలుక గర్భాశయాన్ని సన్నగా తరిగి, అదే వంశపు ఇంకో ఎలుక కడుపులోకి సూదితో ఎక్కిస్తారు. ఎడిన్‌బరో వాళ్లు 2014లో ఇంకో మెట్టు ఎక్కారు. దాత ఎలుకకి హార్మోన్లు ఇచ్చి, ఉన్నట్టుండి ఆపి, నెలసరి లాంటిది తెప్పించి, ఆ పొరని ఎక్కించారు. అసలు జబ్బుకి ఇది కాస్త దగ్గర.

మనిషి కణజాలాన్నే ఎలుకలో పెట్టే పద్ధతి కూడా ఉంది. అయితే పరాయి కణాల్ని తిప్పికొట్టకుండా ఉండాలంటే ఆ ఎలుకకి రోగనిరోధక శక్తి ఉండకూడదు. ఈ జబ్బులో వాపుకీ నొప్పికీ సగం కారణం ఆ రోగనిరోధక కణాలే అయినప్పుడు వాటిని తీసేసి ఏం చదువుతాం? నాకైతే ఆ మోడల్ మీద పెద్ద నమ్మకం లేదు.

నొప్పి కొలిచే సంగతి గరివిడి తమ్ముడు చెప్తే బాగుంటుంది. ఎక్కడున్నావయ్యా?

గరివిడి వెట్, గరివిడి

ఇక్కడే ఉన్నా మేష్టారూ. ఇంజెక్షన్లకి పక్క ఊరెళ్లి ఇప్పుడే వచ్చా.

వెటర్నరీ చదివాక కొన్నాళ్లు హైదరాబాద్‌లో ఎలుకల ల్యాబ్‌లో పనిచేశాను, కాబట్టి చేతులతో చేసిన పని చెప్తున్నా. ముందు ఒక మాట. ఎలుక వేటకి చిక్కే జంతువు. నొప్పి బయటపెట్టిందంటే పిల్లి నోట్లో పడ్డట్టే, అందుకని దాచుకుంటుంది. ఆవు అయితే పళ్లు కొరుకుతుంది, వీపు వంచి నిలబడుతుంది, మేత మానేస్తుంది, రైతు చూడగానే కనిపెడతాడు. ఎలుక దగ్గర అలా కుదరదు.

ఎక్కువమంది చేసేది పోగుల పరీక్ష. వైరు జాలీ నేల ఉన్న చిన్న పెట్టెలో ఎలుకని వదులుతాం. వదిలీ వదలగానే మొదలుపెట్టకూడదు. అది మూలమూలా వాసన చూడాలి, వెనక కాళ్ల మీద లేచి గోడ తడమాలి, ఒళ్లు నాక్కోవాలి, చివరికి ఒక మూల కుదురుకోవాలి. అప్పుడు కింద జాలీ సందులోంచి నైలాన్ పోగుని పొట్ట కింది భాగానికి ఆనించి, అది విల్లులా వంగేదాకా నొక్కుతాం. ఒక్కో పోగు ఒక్కో బరువు దగ్గర వంగేలా చేసి ఉంటుంది. చిట్టెలుకకి వాడేవి గ్రాములో చిన్న వంతు నుంచి ఒకటి రెండు గ్రాముల దాకా. ఆరోగ్యంగా ఉన్న ఎలుక సన్న పోగుని పట్టించుకోదు. జబ్బు పెట్టిన ఎలుక అదే పోగుకి పొట్ట లోపలికి లాక్కుంటుంది, లేదా ఎగిరి గెంతుతుంది, లేదా తిరిగి ఆ చోటే నాక్కుంటుంది. ఏ పోగు దగ్గర ఉలిక్కిపడిందో రాసుకుంటాం. రాసేవాడికి ఏ ఎలుకకి జబ్బు పెట్టారో తెలియకూడదు, తెలిస్తే చెయ్యి తనకి తెలియకుండానే మొగ్గుతుంది. 1890ల్లో ఫాన్ ఫ్రే అనే ఆయన గుర్రపు వెంట్రుకలతో మొదలుపెట్టాడు, ఇప్పటికీ ఆయన పేరే.

దీనికో పెద్ద లోపం ఉంది. ఇది తాకితే పుట్టే నొప్పి. సుడిగాలి గారిని ఎవరూ తాకట్లేదు, కూర్చున్న చోటే నొప్పి. అందుకని ఈమధ్య ఎలుకని దాని మానాన వదిలేసి వీడియో తీస్తున్నారు. పొట్ట ఎన్నిసార్లు నాక్కుంది, పొట్టని నేలకి ఎన్నిసార్లు అదుముకుంది, ఒళ్లు ఎన్నిసార్లు మెలితిప్పింది. మొహం చూసి మార్కులేసే పద్ధతి కూడా ఉంది, 2010లో కెనడా మెక్‌గిల్ యూనివర్సిటీ నుంచి వచ్చింది. కళ్లు చికిలించడం, బుగ్గలూ ముక్కూ ఉబ్బడం, చెవులు వెనక్కి పోవడం, మీసాలు బిగుసుకోవడం చూస్తారు. గూడు ఎంత శ్రద్ధగా కట్టుకుంది, బోనులో పరిగెత్తే చక్రం ఎంతసేపు తిప్పింది అన్నవి కూడా లెక్కే. నొప్పున్న ఎలుక గూడు దూది అలాగే వదిలేస్తుంది.

నాకు బాగా నచ్చినది గది పరీక్ష. రెండు గదులు. ఒక దాంట్లో నొప్పి తగ్గించే మందిస్తాం, రెండో దాంట్లో ఉత్త సెలైన్. తర్వాత మందేమీ ఇవ్వకుండా రెండు తలుపులూ తెరుస్తాం. నొప్పి లేని ఎలుక అటో ఇటో తిరుగుతుంది. నొప్పున్నది మాత్రం మందిచ్చిన గదిలోకే వెళ్లి కూర్చుంటుంది. అది నోరు తెరిచి చెప్పినంత పనే కదా?

ఇంకోటి. 2014లో అదే మెక్‌గిల్ వాళ్లు తేల్చారు, పరీక్ష చేసేది మగవాడైతే ఆ వాసనకే ఎలుకలు కంగారుపడి నొప్పి తక్కువ చూపిస్తాయట. మగవాడు వేసుకున్న టీషర్టు పక్కన పెట్టినా అంతే. మా ల్యాబ్‌లో ఆ తర్వాత ఎలుకల దగ్గరికి ఎవరు వెళ్లాలో కూడా రిజిస్టర్‌లో రాసేవాళ్లం.

సోంపేట సుడిగాలి, సోంపేట

గది పరీక్ష చదివి కాసేపు ఊరుకుండిపోయాను. ఆ ఎలుకకి ఉన్న నమ్మకం నాకూ దక్కితే బాగుణ్ణు.

సరే, అసలు సంగతి. ఆపరేషన్‌లో సిస్టు తీసేశారు, స్కాన్‌లో ఏమీ లేదు. అయినా నొప్పి. మీరు చెప్పినదాన్ని బట్టి ఎలుకల్లో గడ్డ ఎంత తగ్గిందో చూస్తున్నారా, నొప్పి ఎంత తగ్గిందో చూస్తున్నారా? రెండూ ఒకటేనా?

ఫార్మా మేష్టారు, విజయనగరం

ఒకటి కాదు. అసలు తప్పు జరిగిందే అక్కడ. చాలా ఏళ్లపాటు ఎలుకల్లో మందు పనిచేసిందా లేదా అంటే పొట్ట కోసి, తిత్తిని స్కేలుతో కొలిచి, ఇన్ని మిల్లీమీటర్లు తగ్గింది అని రాసేవాళ్లు. స్కేలుతో కొలవడం సులువు, నొప్పి కొలవడం కష్టం. అంతకంటే పెద్ద కారణం నాకు కనబడదు. డాక్టర్ దగ్గరికొచ్చే ఆడమనిషి మాత్రం తిత్తి మిల్లీమీటర్ల కోసం రాదు, నొప్పికే వస్తుంది.

నొప్పి వైపు ముందుగా చూసినవాళ్లలో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ కారెన్ బర్క్లీ ఒకరు. 1985 పద్ధతిలో తిత్తులు కుట్టిన ఎలుకల్లో యోని దగ్గర నొప్పి పెరిగిందని ఆమె బృందం చూపించింది. తిత్తులు ఉన్నది పైన పేగుల దగ్గర, నొప్పి కింద. ఆ తిత్తుల్లోకి కొత్తగా నరాలు మొలిచాయని కూడా 2004లో చూపించారు. అంటే గడ్డ ఒక చోట, అది కదిలించిన నరాల వ్యవస్థ ఇంకెక్కడికో.

ఇంకో విడ్డూరం వినండి. దశాబ్దాల పాటు నొప్పి పరిశోధన ఎక్కువగా మగ ఎలుకల మీదే జరిగింది, ఆడవాటి హార్మోన్లు లెక్క చెడగొడతాయని. 2015లో తేలిందేమిటంటే, ఒక రకం దీర్ఘకాలపు నొప్పికి వెన్నుపాములో మగ ఎలుకలు వాడే కణాలు వేరు, ఆడ ఎలుకలు వాడేవి వేరు. మగ ఎలుక మీద తయారైన జ్ఞానంతో ఆడవాళ్ల జబ్బుకి మందు వెతికారన్నమాట.

రాజాం డాక్టరమ్మ, విశాఖలో గైనిక్ పీజీ

డ్యూటీ మధ్యలో రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

సుడిగాలి అక్కా, స్కాన్ క్లీన్ అంటే జబ్బు లేదని అర్థం కాదు. చాక్లెట్ సిస్టు అల్ట్రాసౌండ్‌లో బాగా కనపడుతుంది. పొత్తికడుపు పొర మీద పైపైన అంటుకున్న చిన్న మచ్చలు చాలాసార్లు కనపడవు. మోషన్‌కి వెళ్లినప్పుడు నొప్పి అంటున్నారు కాబట్టి గర్భాశయం వెనకా పేగు దగ్గరా లోతుగా ఉందేమో చూడాలి. అది చూడటం అలవాటున్నవాళ్లు చేసే ట్రాన్స్‌వెజైనల్ (యోని ద్వారా చేసే) స్కాన్ గానీ ఎమ్మారై గానీ అడగండి. ఎడినోమయోసిస్ (ఆ పొర గర్భాశయపు కండలోకి చొరబడటం) ఉందా అన్నది కూడా అందులోనే తెలుస్తుంది.

ఇంక గడ్డకీ నొప్పికీ పొంతన గురించి. మేము ఆపరేషన్‌లో చూసి ఒకటి నుంచి నాలుగు దాకా స్టేజీలు వేస్తాం. ఆ స్టేజీకీ ఆమె చెప్పే నొప్పికీ పెద్దగా సంబంధం ఉండదు. నాలుగో స్టేజీ ఉండి పిల్లలు పుట్టట్లేదని వచ్చేదాకా నొప్పే తెలియనివాళ్లున్నారు. ఒకటో స్టేజీకే మంచం దిగలేనివాళ్లూ ఉన్నారు. ఏళ్ల తరబడి నొప్పి సంకేతాలు పోయి పోయి వెన్నుపాము, మెదడు కూడా మారతాయి. 2018లో యేల్ వాళ్లు జబ్బు పెట్టిన చిట్టెలుకల మెదళ్లలో ఆ మార్పులు చూశారు. ఆ ఎలుకల్లో నొప్పితోపాటు ఆందోళన, దిగులు కూడా పెరిగాయి. మనసు గట్టిగా లేక నొప్పి వస్తోందని చెప్పేవాళ్లకి ఇది చూపించాలి. ఎలుకకి మొదలైంది కడుపులోంచే కదా, దానికి అత్తపోరు లేదు.

మైగ్రేన్ మందు సంగతి. ఆ వార్త 2024 నవంబరులో వచ్చిన పరిశోధన గురించి, బోస్టన్ వాళ్లది. నొప్పి నరాలు సీజీఆర్‌పీ అనే పదార్థం వదులుతాయి. అది పక్కనున్న మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాలకి తగిలి, చచ్చిన కణాల్ని ఊడ్చే పని మాన్పించి, గడ్డ పెరగడానికి సాయం చేయిస్తుంది. నరం నొప్పిని మోయడమే కాదు, జబ్బుని పెంచుతోంది కూడా. ఆ సీజీఆర్‌పీని అడ్డుకునే నాలుగు మందులు ఫ్రెమనెజుమాబ్, గాల్కనెజుమాబ్, రిమెజిపాంట్, యూబ్రొజిపాంట్. అన్నీ మైగ్రేన్‌కి ఆమోదం ఉన్నవే. వాటితో చిట్టెలుకల్లో నొప్పి తగ్గింది. చాలా మంచి పరిశోధన. కానీ ఎండోమెట్రియోసిస్ ఉన్న ఆడవాళ్ల మీద సరైన ట్రయల్ జరగకుండా నేను రాయను, మీ డాక్టర్ కూడా రాయకూడదు. మీకు మైగ్రేన్ కూడా ఉంటే అది వేరే మాట, అడగండి. పిల్లల కోసం ప్రయత్నిస్తుంటే ఆ సంగతి ముందే చెప్పండి.

ఇప్పుడు చేతిలో ఉన్న హార్మోన్ మందులు తక్కువేం కాదు: డైనోజెస్ట్, పిల్స్, ప్రొజెస్టిన్ లూప్, జీఎన్ఆర్‌హెచ్ ఇంజెక్షన్లు. ఆపరేషన్ తర్వాత మళ్లీ రాకుండా హార్మోన్ మాత్ర ఏదైనా ఇచ్చారా మీకు?

సోంపేట సుడిగాలి, సోంపేట

లేదమ్మా. "తీసేశాం, ఇంక భయం లేదు" అన్నారు, అంతే.

రాజాం డాక్టరమ్మ, విశాఖలో గైనిక్ పీజీ

అయితే ముందు అది అడగండి. పిల్లల కోసం వెంటనే ప్రయత్నించేవాళ్లకి తప్ప, సిస్టు తీశాక హార్మోన్ మందు కొనసాగించడం మామూలు పద్ధతి.

కవిటి కొబ్బరి, కవిటి

మా ఇంటావిడకీ ఇదే బాధ. నెలనెలా ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ ఇంజెక్షన్, ఇంటికొచ్చాక మాత్రలు. మాది ఉద్దానం. ఇక్కడ ప్రతి వీధిలో డయాలసిస్‌కి వెళ్లేవాళ్లున్నారు. మా బావమరిది పోయింది కిడ్నీలతోనే. ఈ నొప్పి మాత్రల వల్ల ఈవిడకి కూడా ఏమన్నా అవుతాదేమోనని భయం. మానేయమంటే నేలమీద దొర్లుతాది. ఏటి సెయ్యమంటారు?

రాజాం డాక్టరమ్మ, విశాఖలో గైనిక్ పీజీ

అన్నా, మీ భయం సరైనదే. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్, ఎసెక్లోఫెనాక్ అన్నీ ఒకే కుటుంబం. ఆరోగ్యమైన కిడ్నీలకి అప్పుడప్పుడు పర్లేదు. మీ ప్రాంతంలో, ఇంట్లో కిడ్నీ రోగులున్నప్పుడు, ముందు సీరం క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేయించండి. ఈ నెలే. ఈలోగా పారాసెటమాల్, వేడినీళ్ల కాపడం. నీళ్లు బాగా తాగమనండి, ఎండలో జీడి తోట పనికెళ్లి వచ్చి ఖాళీ కడుపున ఆ ఇంజెక్షన్ మాత్రం వద్దు. హార్మోన్ మందు మొదలుపెడితే నెలసరే ఆగుతుంది లేదా తగ్గుతుంది, అప్పుడు నొప్పి మాత్రల అవసరమూ తగ్గుతుంది. హార్మోన్లంటే భయపడి వాటిని ఆపి, డైక్లోఫెనాక్‌ని మాత్రం చాక్లెట్‌లా మింగే ఇళ్లు చాలా చూశాను.

వీధికుక్కల నేస్తం, విజయనగరం

ఇంతమంది ఎలుకల గురించి మాట్లాడుతున్నారు, ఒక్కరికీ వాటి మీద జాలి లేదా? జబ్బు లేని జీవికి కావాలని జబ్బు పెట్టి, నొప్పి పుట్టించి, ఆ నొప్పికి మార్కులేసి, చివరికి చంపేస్తారు. గది పరీక్ష బాగా నచ్చిందట! అది మందిచ్చిన గదిలోకి వెళ్లి కూర్చోవడం చదివితే నాకు కడుపు తిప్పింది.

గరివిడి వెట్, గరివిడి

కోపం న్యాయమే. నేను ఆ ఉద్యోగం మానేసింది కూడా కొంత అందుకే. కానీ చట్టం లేకుండా ఎవరిష్టం వచ్చినట్టు చేస్తారనుకోకండి. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 1960లోది, దాని కింద ప్రయోగాల నియమాలు 1998లో వచ్చాయి. ప్రతి సంస్థా రిజిస్టర్ కావాలి, ప్రతి ప్రయోగానికీ ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. ఆ కమిటీలో ప్రభుత్వం పంపిన సభ్యుడుంటాడు. ఎన్ని ఎలుకలు, ఎందుకన్ని, తక్కువతో కాదా, నొప్పి ఎక్కడ ఆపుతావు అని నిలదీస్తారు. కోతులు, కుక్కల్లాంటి పెద్ద జంతువులైతే ఫైలు ఢిల్లీ దాకా వెళ్లాలి. కాగితం మీద ఉన్నంత నికార్సుగా అన్నిచోట్లా జరుగుతుందా అంటే, అదీ చెప్పలేను.

ఫార్మా మేష్టారు, విజయనగరం

నేస్తం గారూ, దారులు మారుతున్నాయి. 2017 నుంచి మనిషి గర్భాశయపు పొర కణాలతోనే ల్యాబ్‌లో ఆర్గనాయిడ్లు అనే బుల్లి అవయవ నమూనాలు పెంచుతున్నారు. అమెరికాలో 2022 చివర్లో, మన దేశంలో 2023లో కొత్త మందుల నిబంధనలు మార్చి జంతువులు లేని పరీక్షలకి కూడా చోటిచ్చారు. గడ్డ ఎలా అంటుకుంటుంది, ఏ మందుకి కుంగుతుంది అన్నవి అందులో చూడొచ్చు. చిక్కల్లా నొప్పి దగ్గరే. గాజు పళ్లెంలో కణాలకి నొప్పి లేదు. నొప్పి ఉండాలంటే నరం, వెన్ను, మెదడు, వాటిని మోసే ఒక జీవి ఉండాలి. అందుకే ఈ ఒక్క ప్రశ్నకి ఎలుకని ఇప్పట్లో తప్పించలేమని నా అభిప్రాయం. అయితే ఇంకా స్కేలుతో తిత్తులు కొలవడానికే ఎలుకల్ని చంపేవాళ్లని మాత్రం ఆపాలి. ఆ విషయంలో నేను మీ పక్షమే.

వీధికుక్కల నేస్తం, విజయనగరం

మీ అభిప్రాయం మీది, నాది నాది. కానీ జవాబిచ్చినందుకు థాంక్స్.

జీడిపప్పు బాబు, పలాస

ఎలుకలకి నెలసరి లేదంటున్నారు, కోతులకి ఉందంటున్నారు. మరింకేటి, మా తోటల్లో ఉన్న కోతులన్నిట్నీ పట్టుకుపొండి బాబూ. జీడి పిందె ఒక్కటి మిగల్చట్లేదు. ఉచితంగా ఇస్తాం, లారీ కిరాయి కూడా మాదే 😄

గరివిడి వెట్, గరివిడి

బాబూ, నవ్వులాటకి అన్నా మీ తోటలో ఉన్నవి మామూలు కోతులు కాదు. గోదావరికి ఉత్తరాన మనవైపు ఉండేది ఎర్రమూతి రీసస్ కోతి. దక్షిణాన ఎక్కువగా ఉండేది తల మీద టోపీలా జుట్టున్న బోనెట్ కోతి. ప్రపంచంలో ల్యాబులకి కావలసింది ఈ రీససే. ఒకప్పుడు మన దేశం నుంచి విమానాల్లో ఎగుమతి చేసేవారు, 1978లో నిషేధించారు. కాబట్టి లారీ ఆపుకోండి.

కానీ సంగతి సరదా కాదు. రీసస్ కోతులకీ, బబూన్లనే ఆఫ్రికా పెద్ద కోతులకీ నెలసరి వస్తుంది, ఎండోమెట్రియోసిస్ కూడా ఎవరూ పెట్టకుండానే వస్తుంది. 2021లో ఆక్స్‌ఫర్డ్, విస్కాన్సిన్ వాళ్లు కలిసి, ఈ జబ్బు ఎక్కువగా ఉన్న కుటుంబాల్నీ, జబ్బున్న రీసస్ కోతుల్నీ పక్కపక్కన పెట్టి జన్యువులు చూస్తే రెండిట్లోనూ ఎన్‌పీఎస్‌ఆర్1 అనే జన్యువు బయటపడింది. దాన్ని అడ్డుకునే పదార్థం చిట్టెలుకలకి ఇస్తే వాపు, కడుపు నొప్పి తగ్గాయి. మనిషి, కోతి, ఎలుక మూడూ కలిస్తేనే దొరికిన ఆనవాలు అది.

నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం

బబూన్ల సంగతి నేనూ వెతికి చదివాను. వాపు పెంచే టీఎన్ఎఫ్ అనే పదార్థాన్ని అడ్డుకునే మందులు బబూన్లలో మచ్చలు తగ్గించాయి. అదే జాతి మందు ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఆడవాళ్లకిచ్చి 2008లో ట్రయల్ ఫలితాలు రాస్తే నొప్పి మీద మందు లేని ఉత్తుత్తి చికిత్స కంటే మెరుగేం లేదు. అంత దగ్గరి చుట్టమైన బబూనే దారి తప్పిస్తే ఎలుక ఏపాటి? నేను మొదట అన్నమాట మీదే ఉన్నాను.

ఫార్మా మేష్టారు, విజయనగరం

మంచి ఉదాహరణ తెచ్చారు, నాగావళి గారూ. కానీ జాగ్రత్తగా చూడండి. బబూన్లలో ప్రధానంగా కొలిచింది మచ్చల్ని. ఆడవాళ్లలో కొలిచింది నొప్పిని. జంతువు అబద్ధం చెప్పలేదు, మనం దాన్ని అడిగిన ప్రశ్న వేరు. ఎముకల బలానికి వాడే రాలాక్సిఫెన్ అనే మందు కథా అంతే. జంతువుల్లో గడ్డల్ని కుంగదీసింది. ఆపరేషన్ అయిన ఆడవాళ్లకిస్తే నొప్పి ఇంకా త్వరగా తిరిగొచ్చింది, ట్రయల్‌ని మధ్యలోనే ఆపేశారు. అదీ 2008లోనే.

అందుకనే 2020లో బోస్టన్ వాళ్లు తయారుచేసిన చిట్టెలుక మోడల్ నాకు నచ్చింది. వాళ్లు తలకిందులుగా మొదలుపెట్టారు. ఆడవాళ్లలో ఇప్పటికే పనిచేస్తున్న మందులు ఈ ఎలుక నొప్పిని తగ్గిస్తాయా అని ముందు చూశారు. తగ్గిస్తేనే ఆ ఎలుక మాట కొత్త మందు విషయంలో వినొచ్చు. మైగ్రేన్ మందుల సంగతి తేలింది కూడా ఆ ల్యాబ్‌లోనే. రేపు ట్రయల్‌లో అది కూడా తుస్సుమనొచ్చు. అప్పుడు మీరు ఇక్కడికొచ్చి "చెప్పానా" అనొచ్చు, నేనేం అనుకోను.

నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం

తప్పకుండా అంటాను మేష్టారూ 🙂 కానీ ఆ తేడా, మచ్చలా నొప్పా అన్నది, నేను గమనించలేదు. మళ్లీ చదువుతాను.

సోంపేట సుడిగాలి, సోంపేట

ఇదంతా మా అత్తకి చదివి వినిపించాను. పోగుల పరీక్ష దాకా నవ్వుతూనే ఉంది. గడ్డకీ నొప్పికీ సంబంధం లేదన్న చోట ఆపి, "మా సిన్నప్ప కూడా ఇలగే దొర్లీది, దెయ్యం పట్టిందని ఏపాకులు కొట్టించారు" అంది. ఇన్నేళ్లలో ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు.

డాక్టరమ్మా, వచ్చే వారం విశాఖ వస్తున్నాం. ఈసారి "ఏమీ లేదు" అనిపించుకోకుండా ఎలా చెప్పాలి?

రాజాం డాక్టరమ్మ, విశాఖలో గైనిక్ పీజీ

నొప్పి ఉంది అని ఒక్క మాటతో ఆపకండి. ఈ రోజు నుంచే ఫోన్‌లో రాయండి: ఏ తారీఖు, నెలసరిలో ఎన్నో రోజు, పదికి ఎంత, ఎక్కడ మొదలై ఎక్కడికి పాకింది, ఏ మాత్ర వేసుకున్నారు, ఏ పని ఆగిపోయింది. మోషన్‌కి, మూత్రానికి వెళ్లినప్పుడు, భార్యాభర్తలు కలిసినప్పుడు నొప్పి ఉందా అన్నవి సిగ్గుపడకుండా చెప్పండి, మేము ఆ మూడిటి మీదే సగం అంచనా వేస్తాం. ఆపరేషన్ సీడీ, బయాప్సీ రిపోర్టు, డిశ్చార్జి కాగితం తప్పకుండా తెండి. మీ అత్తగారి అక్క సంగతి మీ రక్తసంబంధం కాదు కాబట్టి మీ కేసులో లెక్కకి రాదు. కానీ మీ ఆడపడుచుకి నొప్పి ఉంటే చెప్పమనండి.

చీపురుపల్లి అమ్మ, చీపురుపల్లి

ఇదంతా మౌనంగా చదువుతున్నా. నాకు ఎండోమెట్రియోసిస్‌తోనే గర్భసంచి తీసేశారు. మా అమ్మాయి ఇంటర్ మొదటి ఏడు. నెలకి రెండు రోజులు కాలేజీ మానేస్తుంది, వాంతులు కూడా. ఆడపిల్లకి ఇవన్నీ మామూలే, పెళ్లయితే సర్దుకుంటుందని అందరూ అంటున్నారు. లాపరోస్కోపీ అంటే పెళ్లికాని పిల్లకి కడుపు మీద కోతలు పడతాయని ఆయన ఒప్పుకోవట్లేదు. ఏం చేయను?

రాజాం డాక్టరమ్మ, విశాఖలో గైనిక్ పీజీ

అమ్మా, తల్లికి ఉంటే కూతురికి వచ్చే అవకాశం మామూలు కంటే ఎక్కువ. కాలేజీ మానేసేంత నొప్పి మామూలు కాదు. లాపరోస్కోపీ చేస్తే తప్ప మందు మొదలుపెట్టకూడదన్న పద్ధతి పాతది. 2022లో యూరప్ నిపుణుల సంఘం ఇచ్చిన మార్గదర్శకాలు కూడా లక్షణాల్ని బట్టి, స్కాన్‌ని బట్టి మందు మొదలుపెట్టొచ్చనే చెప్పాయి. పెళ్లికాని పిల్లకి పైనుంచి, పొట్ట మీదే స్కాన్ చేస్తారు, కావాలంటే ఎమ్మారై. కోత ఏమీ ఉండదని ఆయనకి చెప్పండి. తీసుకొచ్చే ముందు మీ గర్భసంచి బయాప్సీ రిపోర్టు ఇంట్లో ఎక్కడుందో వెతకండి, అది మాకు చాలా పనికొస్తుంది.

చీపురుపల్లి అమ్మ, చీపురుపల్లి

బీరువాలోనే ఉండాలి. సోమవారం తీసుకొస్తాను, ఓపీ ఎన్ని గంటలకి మొదలవుతుంది?

రాజాం డాక్టరమ్మ, విశాఖలో గైనిక్ పీజీ

తొమ్మిదికి. చీటీ కోసం ఎనిమిదింటికే లైన్లో ఉండండి, అమ్మాయికి టిఫిన్ పెట్టి తీసుకురండి.